వెన్న లేని టోస్టు

1986 నవంబరు తొమ్మిదో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఉక్కునగరంలోని ఆ క్వార్టరు వంటగదిలో హాజరైనవారు, వారి వారి స్థానాల క్రమంలో: మొదట, గ్యాసు పొయ్యి ముందు, రేవు అతిథిగృహంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రధాన స్టూవర్డుగా పనిచేసి పదవీ విరమణ చేసిన యేసుదానంగారు; రెండవది, పెరటి గడప మీద ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని, అప్పికొండ నుంచి చేపలు తెచ్చిన గంగాలమ్మ; మూడవది, గోడకు ఆవల, ముందు గది పడక కుర్చీలో, గుండెపోటు వచ్చి ఏడు వారాలు కావస్తున్న ఆయన కుమారుడు శుభాకర్; నాలుగవది, మనిషి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో డ్యూటీలో ఉన్నా, అన్నం మెతుకులతో గోడకు అంటించిన కాగితం రూపంలో, కోడలు పుష్పకుమారి.

ఆ కాగితాన్ని ఆయన ఎన్నిసార్లు చదివారో లెక్క లేదు. వెన్న వద్దు, నెయ్యి వద్దు, కొబ్బరి వద్దు, గుడ్డులో పచ్చసొన వద్దు, ఉప్పు సగం, వేపుడు అనే మాటే వద్దు. డాక్టరుగారు చెప్పినవి ఇలాంటివి తొమ్మిది. పదవది డాక్టరుగారు చెప్పలేదు. అదే గుండ్రటి అక్షరాలతో, అదే నీలం సిరాతో, 'మావయ్యగారు పొయ్యి దగ్గరకు రాకూడదు' అని ఆమె సొంతంగా రాసి చేర్చింది. ఈ ఉదయం డ్యూటీకి వెళ్తూ పెన్సిలుతో దాని మీద ఒక సన్నని గీత గీసింది. పెన్సిలుతోనే. సిరాతో కాదు. ఆ తేడా ఆయనకు అర్థం కావాలనే ఆయన ఎదుట నిలబడి గీసింది. "పదిహేనుమంది వస్తన్నారు, డాక్టరుగారితో కలిపి. మా ఆయన రేపట్నించి డ్యూటీకి వెళ్తన్నారని వాళ్ళ డిపార్టుమెంటు వాళ్ళంతా వస్తామన్నారు. వెన్న ముట్టుకోకుండా ఏదైనా చేయగలరా మీరు?" అంది. చేయగలరా అని తనను రేవులో ఎవ్వరూ అడగలేదని ఆయన అన్నారు. "అక్కడ మా ఆయన తినలేదు కదండీ," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "నాలుగున్నరకి వస్తాను. బాగుంటే ఆ గీత సిరాతో కొట్టేస్తాను, మీ వంటిల్లు మీది. లేకపోతే క్యాంటీనులో ఇడ్లీలు చెప్పే ఉంచాను." అన్నీ అలాగే మాట్లాడుతుంది ఆ మనిషి, మూడు నిమిషాలు పూర్తయితే కాల్ తెంపేసినట్టు, ఎదుటివాడు నోరు తెరిచేలోపు చప్పుడు ఆగిపోతుంది, వాడు అక్కడ ఖాళీ గొట్టం పట్టుకుని నిలబడి ఉండాలి.

పడ్డారు. పనిలో పడ్డారు. వెన్న లేకుండా టోస్టు మీద చిన్న తినుబండారాలు, కనపేలు, ఓడ కెప్టెన్లు సాయంత్రం గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడి రెండు వేళ్ళతో అందుకునేవి, ఒక్క కొరుకుకు ఒకటి. గ్లాసు అంచుతో బ్రెడ్డును గుండ్రంగా కోసి నలభై అయిదు బిళ్ళలు, మూడు రకాలకు పదిహేనేసి, రెండు బ్రెడ్లు మొత్తం అయిపోయాయి. వాటిని రెండు గంటలకల్లా పొడి పెనం మీద రెండువైపులా కాల్చి, ఎప్పటి అలవాటు ప్రకారం, కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి వరసగా పేర్చారు. ఆ అలవాటు అక్కడే మోసం చేసింది. అతిథిగృహంలో టోస్టు ముందే కాల్చిపెట్టుకోవడం నియమం, ఎందుకంటే వేడి ఉండగానే అంచు నుంచి అంచు వరకూ వెన్న పూసేవారు. వెన్న రుచి కోసం అని తినేవాళ్ళు అనుకుంటారు. స్టూవర్డుకు తెలుసు, అది గొడుగు. పైన పెట్టే చేప తడిగానీ, టొమాటో నీరుగానీ, గాలిలో చెమ్మగానీ బ్రెడ్డులోకి దిగకుండా అది కాపలా. ఆ కాపలాదారుణ్ణి ఈ ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. బయట మూడు రోజులుగా అల్పపీడనం ముసురు, తూర్పు నుంచి ఆగని ఉప్పుగాలి, ఆయన ఆ గాలికి ఎదురుగా నలభై అయిదు కాల్చిన బిళ్ళలను అమాయకంగా ఆరబెట్టి గంటసేపు పెరుగు మూట పిండుతూ కూర్చున్నారు. ఇప్పుడు ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే అది వంగింది. విరగలేదు. వంగింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలలో ఆయన చేతిలో టోస్టు వంగలేదు. మరొకటి తీశారు. అదీ అంతే. తడిసిన అట్టముక్కలా, సిగ్గులేకుండా వేలాడింది. ఆదివారం; సెక్టారులో బేకరీ లేదు, ఉన్నా తెరిచి ఉండదు, ఈ ఊరికి వీధుల పేర్లే లేవు, అంకెలే ఉన్నాయి, అంకెల ఊళ్ళో ఆదివారం బ్రెడ్డు దొరకదు. అదే వన్ టౌన్ పాత ఇంట్లో ఉండి ఉంటే నాలుగడుగులు వేస్తే చాలు. అక్కడ ఉండి ఉంటే అసలు ఈ కాగితమే ఉండేది కాదు.

ఒకదాన్ని మళ్ళీ పెనం మీద వేశారు. పైన మాడింది, లోపల మెత్తగానే ఉంది. దించితే అయిదు నిమిషాలలో మళ్ళీ వంగింది.

"ఏటి బాబూ, అలాగ నిలబడిపోనావు? రొట్టిముక్కలు సచ్చిపోనాయా?" అంది గంగాలమ్మ గడప మీద నుంచి.

"నీ పని చూసుకో."

"నా పనైపోనాది. సేప కోసీసేను, ముల్లు తీసీసేను, నువ్వు ఉడకెట్టుకున్నావు. వాన తగ్గితే ఎల్లిపోతాను. నువ్వుండమన్నా ఉండను."

ఉండమని ఎవరన్నారు? ఈ మనిషి నవ్వు ఆయనకు ఏడు వారాలుగా పడదు. అంతకుముందు పడేది, అంతకుముందు ఆమె వారానికి రెండుసార్లు వచ్చి వంజరం దించితే, మొప్పలు ఎత్తి చూసి, ఇది నిన్నటిది అని ఆయన అనడం, నిన్నటిదైతే నా కళ్ళు నిన్నటివి అని ఆమె అనడం, అది ఒక మర్యాదైన పోట్లాట. ఇప్పుడు ఆమె నోరు తెరిస్తే ఏది బయటపడుతుందో అని ఆయన చెవులు ముందు గది వైపు ఉంటాయి. పడక కుర్చీ కిర్రుమంటే ఆయన గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఎందుకు తగ్గించాలి? తాను అబద్ధం ఆడలేదు. ఆ విషయంలో ఆయన స్థిరంగా ఉన్నారు. ఏ కోర్టులో నిలబెట్టినా, ఒక్క అబద్ధపు మాట తన నోట రాలేదని ప్రమాణం చేయగలరు. సెప్టెంబరు ఇరవై రెండు, సోమవారం. కొడుక్కి ఆ వేళ రెండో షిఫ్టు, కోడలికీ మధ్యాహ్నం డ్యూటీ, అందువల్ల ఉదయం అందరూ ఇంట్లోనే. తానే వేయించారు, వెన్నలో బ్రెడ్డు, రెండు గుడ్లు, వాడికి చిన్నప్పటినుంచీ అలాగే ఇష్టం; తిని చేయి కడుక్కుంటూ వాడు గోడ పట్టుకున్నాడు. చెమటలు. ముఖం బూడిద రంగు. కోడలు ఒక్క కేక వేసింది, ఆ కేకకు పెరట్లో చేపలు దించుతున్న గంగాలమ్మ పరుగెత్తుకొచ్చింది, ఆమె అల్లుడు ఎల్లారావు ఆటో గేటు దగ్గరే ఉంది. తాను బనీనుతో ఉన్నారు. ఎవరైనా ఏమి చేస్తారు? ఆసుపత్రి అంటే అధికారులుంటారు, డాక్టర్లుంటారు, బనీనుతో వెళ్ళి నిలబడితే లోపలికి రానిస్తారా? ముందు ఒక మనిషిలా కనబడాలి కదా. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకున్నారు, అన్నీ. మేజోళ్ళు. మంచం అంచున కూర్చుని బూట్లకు తాళ్ళు కట్టుకుంటూ, ముడి సరిగా పడలేదని విప్పి, మళ్ళీ కడుతూ తల ఎత్తేసరికి ఇంట్లో ఎవరూ లేరు. వాకిలి తెరిచి ఉంది. రోడ్డు మీద చేపలు, బుట్టలు బోర్లా పడి, కాకులు.

ఆసుపత్రి చేరేసరికి ముప్పావు గంట పట్టింది. పుష్పకుమారి ఎక్కడో వరండాలో కాగితాలు పూర్తి చేస్తోంది. తాను లోపలికి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు, కాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు, తెరిచి చూస్తే ఎదురుగా ఉన్నది తాను, నలగని చొక్కాలో. "నాన్నా, మీరే తెచ్చారా," అన్నాడు, చేయి పట్టుకున్నాడు. తాను ఆ చేతి మీద చేయి వేశారు. అంతే. ఒక్క మాట అనలేదు. రోగిని కదిలించకూడదని నర్సు అప్పుడే చెప్పింది కూడా. తల ఎత్తితే తలుపు దగ్గర కోడలు, చెప్పులు లేకుండా, చీర మోకాళ్ళ దాకా చేపనీళ్ళతో తడిసి, చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడి అంతా వింది. ఏమీ అనలేదు. అదే ఆమె చేసిన దుర్మార్గం. అంటే బాగుండేది. ఒక మాట అని ఉంటే తాను పది మాటలు అనేవారు, సంగతి తేలిపోయేది. ఆమె అనలేదు, ఆ వేళా అనలేదు, మరుసటి వారమూ అనలేదు, వాడు చుట్టాలందరికీ మా నాన్నే లేకపోతే అని చెప్తుంటే మంచినీళ్ళు అందిస్తూ ఊరుకుంది. ఇంటికి వచ్చిన నాలుగో రోజున మాత్రం, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "మీరే చెప్తారని చూస్తన్నాను," అంది. ఆ సాయంత్రమే కాగితం మీద పదో వాక్యం రాసింది. వెన్న సంగతి ఒక సాకు. తనకు తెలుసు. ఆమెకూ తెలుసు తనకు తెలుసునని.

"మా ఎల్లారావు ఇప్పటికీ సెప్పి నవ్వుతాడు బాబూ," అంది గంగాలమ్మ, ఆయన ఆలోచన ఆమెకు వినబడినట్టే. "పెద్దబాబు బూట్లకి తాళ్ళు కడతన్నాడు, మనం ఎల్లిపోదామా ఉందామా అని ఆడు అడిగితే, నీ కోడలు ఏటన్నాదో తెలుసా? నా బుట్టలన్నీ రోడ్డు మీద ఇసిరీసి, ఆ తడిలోనే కూకుండిపోయి, మొగుణ్ణి ఒళ్ళో ఏసుకుని, బండి పోనీరా అన్నాది. దారి పొడుగునా ఆ బాబు సెంప మీద కొడతా, లైన్లో ఉండండి, లైన్లో ఉండండి అనీసి ఒకటే అరుపు. ఏ లైనో నాకు తెల్దు. ఆ బాబు కళ్ళు మూసినప్పుడల్లా అదే మాట."

"నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగానే మాటాడతన్నాను. గట్టిగా మాటాడితే ఆ బాబుకి ఇనబడదేటి?"

ఆయన వెనక్కి తిరగలేదు. ఉడికిన వంజరం పళ్ళెంలో వేళ్ళతో పొరలు పొరలుగా విడదీస్తున్నారు, ఎక్కడా ముల్లు లేదు, ఈ రాక్షసి ముల్లు తీయడంలో మాత్రం వంక పెట్టలేము. నిమ్మరసం, మిరియాల పొడి, మూటలో గట్టిపడిన పెరుగు, ఉప్పు సగం. రుచి చూశారు. బాగుంది, దుర్మార్గంగా బాగుంది, ఉప్పు లేని లోటును నిమ్మ కమ్మేసింది, వెన్న లేకపోవడం వల్ల చేప రుచి మొట్టమొదటిసారి చేపలా తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పరు ఆయన. ఉడికించిన శనగలు వెల్లుల్లితో, కొత్తిమీరతో మెత్తగా రుబ్బి రెండో రకం; కీరాదోస, గుడ్డు తెల్లసొన సన్నగా తరిగి మూడోది. మూడు గిన్నెలూ సిద్ధం. కింద పెట్టడానికి నేల లేదు. నాలుగు కావడానికి పదిహేను నిమిషాలు. ఇడ్లీలు వస్తాయి, అల్యూమినియం డబ్బాలో, క్యాంటీను ముద్రతో, డాక్టరుగారు రెండు తింటారు, గోడ మీద పెన్సిలు గీతను ఆమె రబ్బరుతో చెరిపేస్తుంది, ఆ రబ్బరు పొడి ఊదేస్తుంది, ఇక బతికినన్నాళ్ళూ తాను ముందు గదిలో పేపరు చదువుకుంటూ ఆకలి వేస్తున్నట్టు దగ్గాలి.

"నీ రొట్టికి గాలి తగిలీసింది బాబూ. తూరుపుగాలి. ఈ గాలికి మా ఎండుసేపలే మెత్తబడిపోతాయి, నీ రొట్టెంత?" గంగాలమ్మ లేచింది, అడగకుండానే లోపలికి వచ్చింది, ఈ ఇంట్లో అందరూ అడగకుండానే వస్తారు. "పసిపిల్ల గుడ్డలు ముసుర్లో ఎలాగ ఆరబెడతారు? నిప్పుల మీద బుట్ట బోర్లించి దాని మీద పరుత్తారు. మంట తగల్దు, గాలి తగల్దు, ఉత్తి ఎచ్చదనం. ఆస్టల్లో ఉన్న మీ మనవరాలు పుట్టినప్పుడు సాంబ్రాణి ఏసిన బుట్ట అటక మీద ఉంది కదా."

"ఇది పసిపిల్లల గుడ్డ కాదు, టోస్టు."

"అయితే ఏటి? అదీ తడిసిందే, ఇదీ తడిసిందే."

వద్దని చెప్పడానికి ఆయన నోరు తెరిచారు. సాంబ్రాణి వాసన వస్తుందని, బొగ్గు మసి పడుతుందని, ఓడ కెప్టెన్లకు పెట్టిన చేతులతో బొడ్డు ఊడని పిల్లల బుట్ట ముట్టుకోనని చెప్పవలసి ఉంది. ఆమె అప్పటికే స్టూలెక్కి అటక మీద చేయి వేసింది. గ్యాసు సిలిండరు అయిపోయిన రోజుల కోసం ఉంచిన కుంపటి పెరటి మూల నుంచి ఈడ్చింది, బొగ్గులు వేసి విసిరింది, ఎర్రబడ్డాక పైన బూడిద కప్పింది, మంట కనబడకుండా. బుట్టను నీళ్ళతో తుడిచి బోర్లించింది. ఆయన నిలబడి చూశారు. ఆ బూడిద కప్పడంలో చేయి తూకం ఆయనకు తెలిసిన తూకమే. అతిథిగృహంలో తాను పొయ్యి అరను ఎంత వేడిగా ఉంచాలో చేయి లోపల పెట్టి ఎనిమిది లెక్కపెట్టి చెప్పేవారు. ఆమె కూడా బుట్ట మీద అరచేయి పెట్టి పెదవులతో ఏదో లెక్కపెట్టింది. ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? ఆయనకు అసహ్యం వేసింది, ఆమె మీద కాదు, ఎవరి మీదో. బిళ్ళలు తానే పేర్చారు. ఒకదానికొకటి తగలకుండా, వేలెడు ఎడంతో, అడుగున పెట్టినవి పైకి మారుస్తూ, పలుచటి గుడ్డ కప్పుతూ. ఆ ఎడం గురించి మాత్రం ఆమెకు తెలియదు, ఆమె గుడ్డల్లా ఒకదాని మీద ఒకటి వేయబోయింది, ఆయన చేయి పట్టి ఆపారు. అదొక్కటి దక్కింది.

నాలుగూ ఇరవైకి ఒక బిళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. విరిగింది. ఆ చిన్న చప్పుడుకు గంగాలమ్మ నవ్వింది, ఆయన నవ్వలేదు. "ఇప్పుడు కాదు పెట్టడం," అన్నారు, ఎవరూ అడగకపోయినా, "మనుషులు వచ్చి కూర్చున్నాక, పళ్ళెంలో, అప్పటికప్పుడు. చేప తడి దిగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆలోగా తినెయ్యాలి." వాన తగ్గింది. గంగాలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా గడప దాటింది.

పుష్పకుమారి వచ్చి చేతులు కడుక్కుంది. కుంపటిని చూసింది. బుట్టను చూసింది. "ఎవరు దింపారు దీన్ని?" అంది. గంగాలమ్మ అని చెప్పారు. "అనుకున్నాను," అంది. ఆయన ఒక బిళ్ళ మీద చేప పెట్టి, పైన కొత్తిమీర రెక్క నిలబెట్టి, పళ్ళెంలో అందించారు, ఓడ కెప్టెనుకు అందించినట్టే, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని. ఆమె నిలబడే తింది. నమిలినంతసేపూ కాగితం వైపే చూసింది. ఆ కరకర చప్పుడు వంటగదిలో ఎంతసేపు ఉందో! ఇంకొకటి తీసుకుంది, శనగలది. అది కూడా అయ్యాక, వేళ్ళు తుడుచుకుని, సంచిలోంచి పెన్ను తీసి, పదో వాక్యం మీద సిరాతో ఒకే ఒక గీత గీసింది, తిన్నగా, స్కేలు పెట్టినట్టు. "వంటిల్లు మీది," అంది. ఆ మాటలో ఇచ్చే మనిషి గొంతు లేదు. ఉన్న బాకీ చెల్లించి రసీదు అడగనివాళ్ళ గొంతు. ఆయనకు సంతోషం రావలసింది. ఇన్నాళ్ళుగా దాని కోసమే కదా. వచ్చింది కూడా, కాసేపు; తరువాత అది ఆ వంగిన టోస్టులా వేళ్ళలో వాలిపోయింది.

అయిదింటికి జనం వచ్చారు. డిపార్టుమెంటు వాళ్ళు పన్నెండుమంది, పక్క క్వార్టరు అర్జునరావుగారు, ఆయన భార్య తాయారు, డాక్టరుగారు. పళ్ళేలు తిరిగాయి. అర్జునరావుగారు నాలుగు తిని అయిదోదానికి చేయి చాపితే తాయారు, "ఇంట్లో తిండి లేనట్టు ఏటండీ ఆ తినడం," అంది, అందరూ నవ్వారు. డాక్టరుగారు కళ్ళజోడు పైకి నెట్టి, వెన్న లేదా ఇందులో, నిజంగా లేదా అని రెండుసార్లు అడిగి, మూడోది తిన్నారు. శుభాకర్ రెండు తిన్నాడు. తండ్రి చేతి నుంచి, ఏడు వారాల తరువాత. తిని లేచి నిలబడ్డాడు, కుర్చీ వీపు పట్టుకుని, ఇంకా సన్నగానే ఉన్నాడు, చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా. "ఒక్క మాట చెప్పాలండీ అందరికీ," అన్నాడు. "ఆ రోజు మా నాన్నగారు నన్ను ఎత్తుకెళ్ళి ఉండకపోతే, ఈ వయసులో, ఈయన లేకపోతే, ఇవాళ ఈ టోస్టు తినడానికి నేను ఉండేవాణ్ణి కాదు. డాక్టరుగారూ, మీకు చెప్పనే లేదు, మా నాన్నే..." చప్పట్లు మొదలయ్యాయి. అర్జునరావుగారు ఆయన భుజం మీద చేయి వేశారు. పుష్పకుమారి కప్పుల్లోకి టీ వంచుతోంది. ఆమె తల ఎత్తలేదు. టీ చుక్క సాసరులో పడలేదు. ఆమె ఈ మాట ఎన్నిసార్లు విన్నదో ఆయనకు అప్పుడు తెలిసింది, చేయి వణకకుండా టీ వంచడం ఎన్నిసార్లు అభ్యాసం చేసిందో తెలిసింది. ఆమె మీద ప్రేమ ఏమీ పుట్టలేదు, పుడుతుందనీ అనుకోలేదు, ఆమె గొంతూ ఆమె కాగితమూ ఆమె తిన్నని గీతా ఆయనకు ఎప్పటికీ పడవు. కాని లైన్లో ఉండండి అని అరిచిన ఆ గొంతు వాడి చెవిలో ఉండాలి. వాడికి అది గుర్తు లేదు. వాడి చెవిలో ఉండవలసిన గొంతు స్థానంలో తాను కూర్చుని ఉన్నారు, స్టూలు మీద, చేతి మీద చేయి వేసి, ఏడు వారాలుగా. చప్పట్లు ఆగడం కోసం ఆయన ఆగలేదు. లేచారు.

"శుభాకర్, కూర్చో. డాక్టరుగారికీ, ఇక్కడికి దయచేసిన పెద్దలకూ ఒక సంగతి విన్నవించవలసి ఉంది. సెప్టెంబరు ఇరవై రెండో తేదీ, సోమవారం ఉదయం, నా కుమారుణ్ణి ఆసుపత్రికి చేర్చినది నేను కాదు. నేను ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నాను, ముప్పావు గంట ఆలస్యంగా వచ్చాను. వాడు నేనే అనుకున్నాడు, నేను కాదనలేదు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని, చేపల ఆటోలో, స్పృహ తప్పనివ్వకుండా దారి పొడుగునా పిలుస్తూ తీసుకువెళ్ళి, డాక్టర్ల చేతికి అప్పగించినది నా కోడలు. ఆమెకూ నాకూ సఖ్యత లేదన్నది ఈ ఇంట్లో అందరికీ తెలిసినదే. అది ఈ సంగతికి అడ్డు కాకూడదు. నా కుమారుడు ఈనాడు బ్రతికి ఉండడానికి కారణం శ్రీమతి పుష్పకుమారి ఆ ఉదయం చేసిన పని అని, ఆమె సమక్షంలోనూ, మీ అందరి సమక్షంలోనూ, నేను ఒప్పుకుంటున్నాను."